పిచ్చికుక్క చూడి ఆవుని కరిచింది, బాగానే మేస్తోంది, ఇంజక్షన్లు వేయించాలా?

ప్రశ్న (కాశీనగర్ వైపు నుంచి): గజపతి జిల్లా అండి మాది. నిన్న సాయంత్రం మేత నుంచి మంద తిరిగొస్తుంటే ఎక్కడిదో కుక్క ఒకటి వచ్చి మా చూడి ఆవుని వెనక కాలి మీద, పక్కింటోళ్ళ పెయ్యని మూతి మీద కరిచేసి తోటల్లోకి పోయింది, మళ్ళీ కనపళ్ళేదు. మా నాన్న పసుపూ కారం నూరి పెట్టి గుడ్డ కట్టేశాడు. ఆవు బాగానే తింటోంది, కుడితి తాగుతోంది. ఇంజక్షన్లు వేస్తే కడుపు పోద్ది అంటున్నారు ఊళ్ళో. ఏటి చెయ్యాలి?

జవాబు (పశువుల ఆస్పత్రిలో చేసి రిటైరయ్యాను): తమ్ముడూ ముందు ఆ కట్టు విప్పెయ్. చేతులకి గ్లౌజులు వేసుకుని, ధారగా నీళ్ళు పోస్తూ సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, నిన్నటి గాయమే కదా అని వదలొద్దు. పిచ్చికుక్క కరిస్తే వచ్చే జబ్బు రేబిస్, ఆ వైరస్ పైన కొవ్వు పొర ఉంటాది, సబ్బుకి అది కరిగిపోద్ది. తర్వాత బెటాడిన్ పొయ్యి. కారం, సున్నం, ఆకు పసరు ఏవీ పెట్టకండి, కుట్లు కూడా వేయించకండి.

బాగా మేస్తోంది కాబట్టే ఇప్పుడు వేయించాలి. వైరస్ కరిచిన చోటి నుంచి నరం పట్టుకుని మెల్లగా మెదడుకి ఎక్కుద్ది, దానికి వారాలు పట్టొచ్చు నెలలు పట్టొచ్చు, అది మెదడుకి చేరేలోపే టీకా పని చెయ్యాలి, లక్షణాలు బయటపడ్డాక ఇంక మందే లేదు. మొదటి డోసు వేసిన రోజు సున్నా, అక్కణ్ణుంచి 3, 7, 14, 28వ రోజుల్లో. క్యాలెండర్ మీద రాసి పెట్టుకో, రెండు డోసులయ్యాక ఆవు బాగుంది కదా అని మానేసేవాళ్ళు చాలామంది. చంపేసిన వైరస్‌తో చేసే టీకా అది, చూడి ఆవుకి వేయొచ్చు, కడుపు పోదు. పెయ్యకి మాత్రం ఇవాళే వేయించమను, మూతి మీద కరిస్తే మెదడు దగ్గర, టైము తక్కువ ఉంటాది.

ఇంకొకరు (పాతపట్నం): ఆస్పత్రిలో స్టాకు లేదంటే ఆగిపోకండి, డాక్టరు గారితో చీటీ రాయించుకుని మందుల షాపులో కొనండి, ఐసు వేసిన థర్మాస్‌లో తెచ్చుకోవాలి కానీ టీకా గడ్డకట్టకూడదు. 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ గురించి చెప్తారు.

ప్రశ్న అడిగినవారు: కడిగేశామండి. పాలు తాగొచ్చా? ఒకవేళ వస్తే ఎలా తెలుస్తాది?

జవాబు: ఆవు బాగున్నంతవరకు కాచి తాగండి, వేడికి వైరస్ చచ్చిపోద్ది, పచ్చిపాలు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. జబ్బు మొదలైతే ఆ పాలు వాడకండి.

వచ్చిందంటే గొంతు బొంగురుపోయి అదేపనిగా అరుస్తాది, చొంగ కారుద్ది, నీళ్ళు మింగలేదు, ఊరికే ముక్కుద్ది, వెనక కాళ్ళు తూలతాయి. కొన్ని మీదకొస్తాయి, కొన్ని మూలన మౌనంగా నిలబడిపోతాయి. ఇక్కడ దండం పెట్టి చెప్తున్నాను, చొంగ కారుతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టకండి, పశువుల నుంచి మనుషులకి అలాగే అంటుకుంటాది. వేరేగా కట్టేసి డాక్టర్ని పిలవండి. చనిపోతే తోలు ఒలవకండి, మాంసం పంచుకోకండి, లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చండి.

నిన్న పెయ్య మూతి కడిగినోళ్ళు, పట్టుకున్నోళ్ళు ఎవరికైనా చేతి మీద గీతలుంటే సబ్బుతో కడుక్కుని ఇవాళే సర్కారు ఆస్పత్రికి వెళ్ళండి, టీకా అక్కడ ఉచితం. పిల్లల్ని ముఖ్యంగా చూడండి, గీత పడినా చెప్పరు వాళ్ళు.

పాతపట్నం: ఆ కుక్క మీ ఊరి కుక్కల్ని కూడా కరిచిందేమో అడగండి అన్నా. సాల దగ్గర పడుకునే కుక్కలకి టీకా వేయించకపోతే మళ్ళీ ఇదే. ఊళ్ళో 100 కుక్కలుంటే కనీసం 70కి పడాలంటారు, అప్పుడే ఆగుద్ది. పెంపుడు కుక్కలకి ఏటా వేయించాలి. పంచాయతీలో అడిగి ఒక రోజు పెట్టించుకోండి, డాక్టరు గారు పెయ్యకి రెండో డోసు వేసేటప్పుడు ఆయన్నే అడగండి.