నలుగురు రాసే పత్రానికి ఫాంట్ ముందే ఖాయం చేయాలా, చివర్లో చూసుకోవచ్చా?

ముసాయిదా:
నలుగురం కలిసి ఆన్‌లైన్‌లో ఒక నివేదిక రాస్తున్నాం. 40 పేజీలు దాటకూడదు. మొదటి రోజే ఫాంటూ సైజూ తేల్చేద్దామన్నాను. మిగతా ముగ్గురూ "ముందు విషయం రాద్దాం, సోకులు తర్వాత" అన్నారు. సరేనని ఊరుకున్నా. ఇప్పుడు ఒకరి భాగం నోటో శాన్స్ తెలుగులో ఉంది, ఒకరిది మండలిలో. ఇంకొకరు ఎక్కడి నుంచో పేస్ట్ చేసింది ఏ ఫాంటో ఆ దేవుడికే తెలియాలి. అంతా ఒక్క ఫాంట్‌లోకి మార్చగానే 38 పేజీలున్నది 44 అయింది. టెన్షన్‌గా ఉంది. తెలుగులో ఫాంట్ మారితే పేజీల లెక్కే మారిపోతుంది కాబట్టి మొదటి రోజే తేల్చుకోవాలని నా వాదన. మీరేమంటారు?

ప్రూఫులబండి:
నేను ఆ ముగ్గురి వైపే. రాసే వేళ ఫాంట్ మెనూ తెరిచినవాళ్లు ఇక ఆ రోజు రాయరు. ఓ సాయంత్రమంతా సురన్న బాగుందా, గురజాడ బాగుందా అని చూసి ఒక్క పేరా రాయని ఘనత నాది. ముందే ఖాయం చేయాల్సినవి స్టైల్స్, అంటే ఏది శీర్షిక, ఏది మామూలు పాఠం అని చెప్పే గుర్తులు. శీర్షికకు హెడింగ్ 1, ఉపశీర్షికకు హెడింగ్ 2, మిగతాదంతా నార్మల్ టెక్స్ట్. ఆఖర్న ఒక్కచోట ఫాంట్ మారిస్తే పత్రమంతా మారుతుంది.

ముసాయిదా:
మారదండీ, నా గోడు అదే. ఎవరైనా ఒక పేరా సెలెక్ట్ చేసి చేత్తో ఫాంట్ మార్చారంటే, తర్వాత స్టైల్ మార్చినా ఆ పేరా కదలదు. పేస్ట్ చేసింది కూడా తన ఫాంట్‌ని వెంటేసుకునే వస్తుంది.

ప్రూఫులబండి:
పేస్ట్ చేసేటప్పుడు కంట్రోల్+షిఫ్ట్+వి నొక్కమనండి, అక్షరాలు మాత్రమే వస్తాయి. ఇప్పటికే పాడైనదాన్ని సెలెక్ట్ చేసి ఫార్మాటింగ్ తీసేయండి. బోల్డ్ కూడా పోతుంది, అది మళ్లీ పెట్టుకోక తప్పదు.

గుడిదీర్ఘం:
పేజీలు ఎందుకు పెరిగాయో ఎవరూ చెప్పలేదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, "రాష్ట్రం" లాంటి మాటల్లో ఒత్తుకు తోడు ఇంకో ఒత్తు. వీటన్నిటికీ ఎంత ఎత్తు కావాలో ఫాంట్ తయారుచేసినవాళ్లు లోపలే కొలత పెడతారు. ఒకరు ధారాళంగా ఇస్తారు, ఒకరు పిసినారిగా. అందుకే రెండు ఫాంట్లకూ సైజు 12 అనే ఉన్నా లైను ఎత్తు వేరు. లైన్ స్పేసింగ్ బిగిస్తే పేజీలు తగ్గుతాయి, కానీ పై లైను ఒత్తులు కింది లైను గుడులను గుద్దుకుంటాయి. "రాష్ట్రం", "స్త్రీ" ఉన్న లైను కింద "కీలకం", "శ్రీమతి" ఉన్న లైను పెట్టి, అప్పుడు ఫాంట్ ఎంచుకోండి.

బోల్డ్ సంగతి కూడా చూడాలి. మండలికి ఒకటే వెయిట్ (గీతల మందం) ఉంది. దాని మీద బోల్డ్ నొక్కితే సాఫ్ట్‌వేరే ఉన్న గీతల్ని లావు చేస్తుంది. చిన్న సైజులో "థ" లోపలి చుక్క పూడిపోయి కథ కాస్తా కధ అవుతుంది. నోటో శాన్స్ తెలుగులో 100 నుంచి 900 దాకా 9 వెయిట్లున్నాయి. నా ఓటు దానికే, అందంలో మండలిదే పైచేయి అయినా.

పాతకాపు:
పేజీలు పెట్టే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, పాత అను తెలుగు ఫాంట్ల కాలం మాది. అప్పుడున్నన్ని రకాలు ఇక్కడేవి? మీరు ఎక్కడైనా రాసుకోండి, ఫాంట్ పని పేజీలు పెట్టేవాళ్లకు వదిలేయండి.

గుడిదీర్ఘం:
రకాల విషయం ఒప్పుకుంటానండీ. కానీ ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద కూర్చుని ఉంటాయి. ఆ ఫాంట్ లేనిచోట తెరిస్తే కనిపించేది పిచ్చిరాతే. తెలుగు మాట టైప్ చేసి వెతికితే దొరకదు. తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలుండే యూనికోడ్‌లో అయితే అనుకున్న ఫాంట్ లేకపోయినా వేరేది వచ్చి చదివిస్తుంది. పైగా గూగుల్ డాక్స్ లాంటి చోట మన కంప్యూటర్లో వేసుకున్న ఫాంట్లు కనిపించనే కనిపించవు.

కొత్తచేయి:
మధ్యలో దూరుతున్నా. "సాఫ్ట్‌వేర్" అని కొడితే ట కింద వ ఒత్తు పడుతోంది. ఫాంట్ మార్చాలా?

గుడిదీర్ఘం:
ఏ ఫాంట్ పెట్టినా అంతే. "ట్" తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పడాలి. మీ కీబోర్డులో అది ఎక్కడుందో చూడండి.

ముసాయిదా:
ఫార్మాటింగ్ అంతా తీసేసి, స్టైల్స్ పెట్టి, నోటోలోకి మార్చాను. 41 పేజీలు వచ్చింది. ఆ ఒక్క పేజీ కోసం లైన్లు బిగించబుద్ధి కాక, అనుబంధంలో ఒక పట్టిక తీసేశాం. ప్రూఫులబండి గారూ, స్టైల్స్ విషయంలో మీదే గెలుపు. కానీ ఆ స్టైల్‌లో ఏ ఫాంటన్నది ఈసారి మొదటి రోజే పెడతా.

ప్రూఫులబండి:
పెట్టండి, పెట్టాక మెనూ మూసేయండి. ఇంతకీ పంపేది పీడీఎఫా, వర్డ్ ఫైలా? పీడీఎఫ్ అయితే ఫాంట్లు దాంతోనే వెళ్తాయి. వర్డ్‌లో మాత్రం ఫైల్లో ఫాంట్లు పొదిగే ఆప్షన్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. చూసుకోకుండా పంపితే అవతల విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ ఫాంట్‌లోనో ఇంకోదాన్లోనో తెరుచుకుని, మీ 40 పేజీలు మళ్లీ ఎన్నవుతాయో.

ముసాయిదా:
వర్డే అడిగారు. ఇప్పుడే చూస్తున్నా.