'గడ్డకట్టే వరకు' అనొచ్చా?

(మాట్లాడేవాళ్లకు వాళ్ల విశాఖ పేటల పేర్లే పెట్టాం.)

ఎంవీపీ కాలనీ: డిగ్రీ ప్రయోగాల పుస్తకం తెలుగు చేస్తున్నాం. కైటోసాన్ నానో కణాల పాఠంలో 'ద్రావణం గడ్డకట్టే వరకు టీపీపీ (సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అనే లవణం) చుక్కలు వేయాలి' అని రాశాం. 'పేరుకునే వరకు' అంటే మేలా? కైటోసాన్‌ని రొయ్యపొట్టు నుంచి తీస్తారు కాబట్టి 'పర్యావరణహిత పద్ధతి' అని శీర్షిక పెట్టాం.

చినవాల్తేరు: మాట తర్వాత చూద్దాం మాస్టారూ, ముందు ఆ వాక్యం ప్రయోగాన్నే చెడగొడుతుంది. గడ్డ కనబడిందంటే నానో కణాలు చెయ్యిదాటినట్టే. ఒక శాతం అసిటిక్ ఆమ్లంలో మిల్లీలీటరుకు 1 మి.గ్రా. కైటోసాన్ వేసి రాత్రంతా కలియతిప్పాలి. కరగని పీచు వడకట్టి, పీహెచ్ 4.7–5 దగ్గరికి తేవాలి. ఈ ద్రావణం 10 మి.లీ.కి అదే గాఢత టీపీపీ నీళ్లు 2.5 మి.లీ., చుక్కచుక్కగా, నిమిషానికి 700 చుట్ల వేగంతో తిరుగుతుండగా వేయాలి. కైటోసాన్ ధనావేశాన్ని టీపీపీ రుణావేశం పట్టి ముడివేస్తుంది. వేడి అక్కర్లేదు, డైక్లోరోమీథేన్ లాంటి సేంద్రియ ద్రావణి అసలే అక్కర్లేదు. నీళ్లలా ఉన్నది నీలిఛాయతో మసకబారుతుంది, లేజర్ లైటు వేస్తే గీత కనిపిస్తుంది. అక్కడ ఆపేయాలి. ఇంకా పోస్తే కణాల మీద మిగిలిన ఆవేశం కూడా చల్లారి, ఒకదాన్నొకటి తోసుకోవడం మాని అంటుకుంటాయి. తెల్లటి తునకలు అడుగుకి దిగుతాయి. పీహెచ్ 6.5 దాటించినా ఇంతే, అప్పుడు కైటోసానే కరిగి ఉండదు.

గాజువాక: అయితే రెండు మాటలూ కుదరవు. గడ్డకట్టినా, పేరిన నెయ్యైనా ఉన్నదంతా ఒకే ముద్ద. ఇక్కడ కణాలు విడివిడిగా నీళ్లలో తేలాలి కదా. చెడిపోయినదానికి మాత్రం తెలుగులో చక్కటి మాట ఉంది: విరిగింది. పాలు విరిగితే నీరు వేరు, ముక్క వేరు అయినట్టే. నా సూచన: 'ద్రావణం నీలిఛాయతో మసకబారగానే ఆపండి. తునకలు కనిపిస్తే విరిగినట్టే, పారబోసి మళ్లీ మొదలుపెట్టండి.' ఇలా ఎదురెదురు ఆవేశాలతో ముడివేసే పద్ధతి పేరు 'అయానిక్ జెలేషన్' అనే ఉంచేయండి, పిల్లలు పరీక్షలో అదే రాస్తారు.

ఇంకోటి. పూర్ణా మార్కెట్లో రొయ్యపొట్టు అడిగితే వంకాయలో వేసే ఎండు చిట్టిరొయ్యలు కట్టిస్తారు. మీకు కావలసింది రొయ్య పెంకు.

ఎంవీపీ కాలనీ: మసకబారడమే ఖాయం అండీ. పెంకు కూడా మార్చాం. మరి శీర్షిక?

చినవాల్తేరు: దాన్ని కాస్త తగ్గించండి. పెంకులోని సున్నం పోవడానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తర్వాత పెంకులో మిగిలే కైటిన్ అనే పదార్థాన్ని కైటోసాన్ చేయడానికి 40–50 శాతం కాస్టిక్ సోడాలో వేడిచేయడం, ఆపైన కడిగిన నీళ్లు: ఇదంతా మీ బీకరుకి ముందే జరిగింది. 'సేంద్రియ ద్రావణులు లేని పద్ధతి' అంటే ఎవరూ వేలెత్తి చూపలేరు.