1826 హాఫ్ డాలర్: ఇది నిజంగా ఏయూనా? గ్రేడింగ్‌కి పంపాలా, వెనక్కి ఇచ్చేయాలా?

డాలస్_కొత్త_సేకరణ:

అందరికీ నమస్కారం. నేను డాలస్ దగ్గర ఉంటాను, నాణేలు కొనడం మొదలుపెట్టి ఏడాది కూడా కాలేదు. పోయిన వారం ఇక్కడ ఒక కాయిన్ షోలో క్యాప్డ్ బస్ట్ (టోపీ పెట్టుకున్న లిబర్టీ బొమ్మ ఉన్న) హాఫ్ డాలర్ కొన్నాను, 1826 నాటిది. అమ్మినాయన కవర్ మీద పెన్నుతో ఏయూ 50 (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, అంటే దాదాపు అరగని నాణేల గ్రేడు) అని రాసిపెట్టాడు, ఆ గ్రేడుకు తగ్గ ధరే తీసుకున్నాడు. పది రోజుల్లో నచ్చకపోతే తిరిగి తీసుకుంటానన్నాడు కానీ అందులో ఇంకా నాలుగు రోజులే మిగిలాయి, అందుకే టెన్షన్.

నాణెం తెల్లగా మెరుస్తోంది. తూకం 13.37 గ్రాములు వచ్చింది. అంచు చుట్టూ అక్షరాలు ఉన్నాయి. తలపాగా పట్టీ మీద లిబర్టీ అన్న మాట పూర్తిగా చదవగలుగుతున్నాను. కానీ భుజం మీద దుస్తుని పట్టి ఉంచే క్లాస్ప్ మొద్దుగా ఉంది, వెనకవైపు గద్ద పైన రిబ్బన్‌లో ‘ఈ ప్లూరిబస్ ఊనమ్’ సగం అక్షరాలు కనబడవు. బుగ్గ మీద సన్నటి గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఇదంతా అరుగుదలేనా? అయితే ఏయూ అని ఎలా రాశాడు? నాణేలకు గ్రేడు ఇచ్చి డబ్బాలో సీల్ వేసే కంపెనీలు పీసీజీఎస్‌కి గానీ ఎన్‌జీసీకి గానీ పంపితే తేలిపోతుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. పెద్దలు చెప్పండి.

పాత_వెండి:

ముందు మంచి మాట చెప్తాను. మీరు భయపడుతున్న క్లాస్ప్, రిబ్బన్ రెండూ అరుగుదల కాకపోవచ్చు. నాణేన్ని అడ్డంగా పట్టుకుని కింది నుంచి పైకి తిప్పి చూడండి, ముందువైపు కింద ఉన్న భుజం, దుస్తు సరిగ్గా వెనకవైపు పైన ఉన్న రిబ్బన్‌కి వీపు ఆనించి ఉంటాయి. అచ్చు దెబ్బ పడ్డప్పుడు అక్కడి వెండి ఒకే సమయంలో రెండు పక్కల పల్లాల్లోకి పాకాలి. దెబ్బ కాస్త తగ్గితే రెండూ నిండవు. అప్పట్లో ఫిలడెల్ఫియా టంకశాలలో మనుషులు చేతులతో తిప్పే స్క్రూ ప్రెస్సులే, ఆవిరి ప్రెస్సు వచ్చింది 1836లో. కాబట్టి ఒకే ఏడాది నాణేల్లోనే ఒకటి నిండుగా, ఇంకొకటి మొద్దుగా దొరుకుతుంది. ఈ సిరీస్‌లో ఆ ఒక్క చోటు చూసి గ్రేడ్ చెప్పేవాళ్ళని నమ్మకండి.

అరుగుదలా, ముద్ర లోపమా తెలుసుకోవాలంటే వివరం కన్నా మెరుపు చూడాలి. ఒకే ఒక్క బల్బు కింద, మిగతా లైట్లన్నీ ఆర్పేసి, నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా వంచుతూ తిప్పండి. ముద్ర సరిగా పడని చోట కూడా అసలు మెరుపు పారుతూ వెళ్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరి వేలూ రాయలేదు. అరిగిన చోట ఆ పారే వెలుగు ఆగిపోయి బూడిద రంగు మచ్చలా కనబడుతుంది. క్లాస్ప్ మీద, చెవి కింద కురుల మీద, బుగ్గ మీద, వెనక గద్ద గోళ్ళ మీద, రెక్కల పై అంచుల మీద ఇదే చూడండి.

తూకం బాగానే ఉంది. చట్టం ప్రకారం ఉండాల్సింది 208 గ్రెయిన్లు, అంటే సుమారు 13.48 గ్రాములు. కొద్దిగా చలామణిలో తిరిగిన నాణేనికి 13.37 సహజమే. అంచు అక్షరాలు ‘ఫిఫ్టీ సెంట్స్ ఆర్ హాఫ్ ఎ డాలర్’ అని ఉన్నాయా చూసుకోండి. నకిలీల్లో ఎక్కువ తేడా అంచులోనే పట్టుబడుతుంది.

నాకు బాగా అనుమానం కలిగించింది మీరు మామూలుగా రాసిన మాట, ‘తెల్లగా మెరుస్తోంది’. దాదాపు రెండు వందల ఏళ్ళ వెండి, అందులోనూ ఈ నాణెంలో వెండి 89.24 శాతమే, మిగతా రాగి, తెల్లగా ఎందుకుంటుంది? తన మానాన తనుంటే బూడిద రంగుకో, అక్షరాల చుట్టూ నీలం, గోధుమ రంగులకో తిరగాలి. ఆ బుగ్గ మీది గీతలు ఎటు పోతున్నాయో చూసి రాయండి. బుగ్గ దాటి ఖాళీ జాగాలోకి, అదే ఫీల్డ్ అంటాం కదా, అక్కడికి కూడా ఒకే దిక్కుగా పోతున్నాయా?

డాలస్_కొత్త_సేకరణ:

రాత్రి మీరు చెప్పినట్టే చేశాను, లూప్‌తో (చిన్న భూతద్దం) కూడా చూశాను. క్లాస్ప్ మీద మెరుపు ఉంది, మీరన్నట్టు అది ముద్ర లోపమే అనిపిస్తోంది. నక్షత్రాల మధ్య కూడా మెరుపు పారుతోంది. కానీ ముఖం ముందున్న ఖాళీ జాగాలో వందల సన్న గీతలు, అన్నీ ఒకే వాలులో ఉన్నాయి, అక్షరాల దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాయి. అక్షరాల మూలల్లో మాత్రం నల్లటి మురికి అలాగే ఉంది. పగటి వెలుగులో ఇవేవీ కనపడలేదు.

గుంటూరు_రూపాయి:

అన్నా, ఆ గీతలు నాకు బాగా తెలుసు. మా తాతయ్య దాచిన ఈస్టిండియా కంపెనీ రూపాయలు ఉండేవి, 1840 విక్టోరియావి. దీపావళికి లక్ష్మీపూజలో పెట్టేవాళ్ళం, ముందు రోజు అమ్మ చింతపండుతో తోమి, విభూతి పెట్టి గుడ్డతో రుద్ది పళ్ళెంలో పేర్చేది. పూజకు పెట్టే వెండి మెరవాలి, అమ్మ చేసిన దానిలో తప్పేం లేదు, ఆవిడకి అవి లక్ష్మీదేవి, మనకే ఇప్పుడు నాణేలు అయ్యాయి. కానీ నేను వాటిలో బాగున్న ఒకటి గ్రేడింగ్‌కి పంపితే నంబర్ లేకుండా డీటెయిల్స్ (అంటే లోపం ఉంది కాబట్టి పూర్తి గ్రేడు లేదు) అని, క్లీన్డ్ అని రాసి వచ్చింది. రాణి జుట్టు పోగులు స్పష్టంగా ఉన్నాయి, అరుగుదల లేదనే చెప్పొచ్చు, అయినా నంబర్ ఇవ్వలేదు. విభూతి ఎంత మెత్తగా అనిపించినా వెండి మీద గీస్తుంది. మీ నాణెం మీద ఎవరో ఇలాగే గుడ్డ పెట్టి రుద్దారు. మురికి మూలల్లో ఎందుకు మిగిలిందంటే గుడ్డ అక్కడికి చేరదు కాబట్టి.

జెర్సీ_హాఫ్స్:

నేను ఈ హాఫ్ డాలర్లు పన్నెండేళ్ళుగా కొంటున్నాను, ఒక చిన్న విషయంలో వేరే మాట చెప్పాలి. రుద్దిన గుర్తు ఉన్నంత మాత్రాన ప్రతి పాత నాణేనికీ డీటెయిల్స్ రాదు. వందేళ్ళ కింద ఎవరో మెల్లగా తుడిచి, తర్వాత ఏళ్ళ తరబడి మళ్ళీ రంగు తిరిగిన నాణేలకు గ్రేడింగ్ కంపెనీలు నంబర్ ఇచ్చిన సందర్భాలు నా దగ్గరే ఉన్నాయి. ఇంత పాత వెండిలో ఎవరూ ముట్టనివే కావాలంటే దొరికేవి చాలా తక్కువ, ఆ సంగతి గ్రేడర్లకీ తెలుసు. కొన్నిటిని గాయాలని పొరబడకూడదు కూడా. 1795 డాలర్ల మీద లోతైన సమాంతర గాట్లు ఉంటాయి, అవి ఎక్కువ తూగిన బిళ్ళని ముద్ర వేయకముందే టంకశాలలో ఆకురాయితో రాసిన గుర్తులు. ముద్ర దెబ్బకి అవి చాలావరకు చదునైపోతాయి, దెబ్బ గట్టిగా తగలని బొమ్మ ఎత్తుల మీద, అంచు దగ్గర మాత్రం మిగిలిపోతాయి. మీవి సన్నటివి, ఖాళీ జాగా నిండా ఉండి అక్షరాల దగ్గర ఆగిపోతున్నాయి కాబట్టి టంకశాల దాటాక పడ్డవే.

అయితే మీ నాణెం ఇంకా తెల్లగానే ఉంది, రంగు తిరగలేదు, గీతలు ఒకే వాలులో ఉన్నాయి. దీనికి నంబర్ వస్తుందని నేను పందెం కాయను. నా లెక్కన అరుగుదల ఏయూ 50 దగ్గరే ఉంది, ఆయన అబద్ధం రాయలేదు, కానీ పైపొర గురించి ఒక్క మాట కూడా రాయలేదు. నా దృష్టిలో అదీ చెప్పాల్సిన బాధ్యతే.

ఇంకొక్కటి. డాలర్ నాణేల ముద్రణ 1804లో ఆగిపోయి 1836 దాకా మళ్ళీ మొదలవలేదు. ఆ ముప్పై ఏళ్ళూ చలామణిలోకి వెళ్ళే అమెరికన్ వెండిలో పెద్దది ఈ హాఫ్ డాలరే. జనం జేబుల్లో తిరిగిన దానికన్నా బ్యాంకుల సంచుల్లో, ఒక ఖజానా నుంచి ఇంకో ఖజానాకి తిరిగింది ఎక్కువ. అందుకే ఇంత పాతవైనా అరగనివి ఈ సిరీస్‌లో బోలెడు మిగిలాయి. 1826 ఒక్క ఏడాదే నలభై లక్షలకు పైగా ముద్రించారు. రుద్దని 1826 దొరుకుతుంటే రుద్దినది ఏయూ ధరకి ఎందుకు ఉంచుకోవాలి? ఇదే 1815ది అయితే నా సలహా వేరేగా ఉండేది, అవి 47,150 మాత్రమే, గీతలున్నా పంపి అసలుదని సీల్ వేయించుకోమనేవాణ్ణి.

పాత_వెండి:

జెర్సీ గారితో ఏకీభవిస్తున్నాను. పంపకండి. ఫీజు, రానూపోనూ పోస్టు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే ఈ నాణెం ధరలో పెద్ద ముక్కే అవుతుంది, పైగా జవాబు వచ్చేలోపు మీ నాలుగు రోజులు అయిపోతాయి. వెనక్కి ఇచ్చేటప్పుడు ఆయనతో గొడవ అక్కర్లేదు, ‘ఫీల్డ్‌లో హెయిర్‌లైన్స్ (సన్న గీతలు) ఉన్నాయి, నాకు వద్దు’ అంటే చాలు. అదే డబ్బుతో బూడిద రంగులో ఉన్న వీఎఫ్ 35, ఈఎఫ్ 40 (ఏయూ కన్నా కింది గ్రేడులు) అడగండి. వివరం కాస్త తక్కువున్నా ముట్టని పైపొర దొరుకుతుంది. ఈసారి కొనేముందు ఒకే బల్బు కింద చూడనిమ్మని అడగండి, వద్దంటే లేచి వచ్చేయండి. ఎవరైనా గ్రేడ్ చేసి సీల్ వేసిన నాణెం చూపిస్తే ఆ డబ్బా మీది నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి ఫోటోతో నాణేన్ని పోల్చుకోండి, ఎందుకంటే డబ్బాలకి కూడా నకిలీలున్నాయి.

డాలస్_కొత్త_సేకరణ:

అప్‌డేట్. నిన్న ఆయన్ని కలిశాను, లూప్ పెట్టి చూసి మారు మాట్లాడకుండా డబ్బు వెనక్కి ఇచ్చాడు. ఆయన ట్రేలోనే 1829ది ఒకటి ఉంది, ముదురు బూడిద రంగు, నక్షత్రాల చుట్టూ లేత నీలం, క్లాస్ప్ నిండుగా ఉంది, వీఎఫ్ 35 అని రాశాడు. ఆయన టేబుల్ లైటు కిందే ఐదు నిమిషాలు తిప్పి చూశాను, ఒకే వాలు గీతలు ఎక్కడా లేవు. మొదటిదానికన్నా తక్కువకే వచ్చింది, తీసుకున్నాను. కానీ కవర్ మెత్తగా, కాస్త జిగురుగా ఉంది, అంచు దగ్గర ఆకుపచ్చ చుక్క లాంటిది కనిపిస్తోంది. తుడవాలని చెయ్యి లాగుతోంది, ఏం చేయాలి?

పాత_వెండి:

తుడవకండి. అది మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్ వదిలిన జిడ్డు. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్వచ్ఛమైన ఎసిటోన్ తెచ్చుకోండి, గోళ్ళ రంగు తీసే సీసా వద్దు, అందులో ఇంకేవేవో కలుపుతారు. గాజు గిన్నెలో పోసి, కిటికీలు తెరిచి, మంటకు దూరంగా, నాణేన్ని పది నిమిషాలు నాననివ్వండి. తీశాక కొత్త ఎసిటోన్‌తో ఒకసారి కడిగి, గుడ్డ తగలనీయకుండా గాలికి ఆరనివ్వండి. ఎసిటోన్ వెండిని గానీ, ఏళ్ళ తరబడి వచ్చిన రంగుని గానీ ముట్టదు, జిడ్డు మాత్రమే కరుగుతుంది. తర్వాత మైలార్ కవర్‌లో (పీవీసీ లేని ప్లాస్టిక్) పెట్టండి. పచ్చదనం ఇంకా మిగిలితే ఫోటో పెట్టండి, చూద్దాం.