మెచ్చుకోలో, ఫిర్యాదో రాసి కంపెనీల నుంచి వస్తువులు ఉచితంగా తెప్పించుకోవడం సబబేనా?

తెల్లకాగితం

"ఇరవై కంపెనీలకు ఉత్తరాలు రాయండి, సగం చోట్ల నుంచి ఏదో ఒకటి ఊరికే వస్తుంది" అనే సలహా ఎప్పటి నుంచో తిరుగుతోంది. అందులో మూడు దారులు చెబుతారు. వస్తువు బాగుందని పొగుడుతూ రాయడం ఒకటి. బాగోలేదని ఫిర్యాదు చేయడం రెండోది. శాంపిలో, స్టిక్కరో, విడిభాగమో కావాలని నేరుగా అడిగేయడం మూడోది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయొచ్చా? ఇందులో ఏది న్యాయం, ఏది కాదు? నీతి దగ్గరే ఆగిపోకుండా, ఉత్తరం చేరాక అవతల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు అది కూడా రాయండి.

గీటురాయి

అడగందే అమ్మయినా అన్నం పెట్టదు. ఇక కంపెనీ ఎందుకు పెడుతుంది? కూపన్లు, శాంపిళ్లు పంచడం వాళ్ల వ్యాపారంలో భాగమే. అబద్ధం లేనంత వరకు మూడు దారులూ సబబే అంటాను. నిజంగా వాడిన వస్తువు గురించే రాయాలి, అంతే షరతు.

దీనివల్ల కంపెనీకీ లాభమే. లోపాన్ని చక్కగా సరిదిద్దితే, అసలు లోపమే ఎదురుకాని కస్టమర్ కన్నా ఈ కస్టమర్ ఎక్కువ తృప్తి పడతాడని ఒక వాదన ఉంది. 1992లో మెకల్లో, భరద్వాజ్ అనే ఇద్దరు పరిశోధకులు దానికి 'రికవరీ పారడాక్స్' అని పేరు పెట్టారు. అంటే మనం రాయడం వాళ్లకు భారం కాదు, అవకాశం.

లెక్కలపంతులు

గీటురాయి గారూ, ఆ వాదనలో సగమే నిలబడింది. దాని మీద వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి 2007లో ఒక సమీక్ష వేశారు. తృప్తి పెరగడం వరకు నిజమేనని తేలింది. మళ్లీ అదే కంపెనీ వస్తువు కొంటారా అంటే మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. పైగా ఆ పారడాక్స్ నిజంగా లోపం జరిగిన చోటికే వర్తిస్తుంది, కల్పించిన లోపానికి కాదు.

బ్యాచ్‌కోడ్

ఉత్తరం చేరాక ఏం జరుగుతుందో చెబుతాను.

కస్టమర్ కేర్‌లో మొదటి పని కేసు తెరిచి దాన్ని ఏదో ఒక వర్గంలో వేయడం. మెచ్చుకోలు, సమాచారం అడగడం, నాణ్యత ఫిర్యాదు, ఆరోగ్య సమస్య, ఇలా ఉంటాయి. మీ ఉత్తరం ఎటు పోతుందన్నది ఆ వర్గమే తేలుస్తుంది. మెచ్చుకోలైతే రెడీమేడ్ థ్యాంక్స్ జవాబు, కొన్ని చోట్ల ఒక కూపన్, కేసు మూసేస్తారు. నాణ్యత ఫిర్యాదు ఫ్యాక్టరీలోని క్వాలిటీ విభాగానికి వెళ్తుంది. ఆరోగ్య సమస్య సేఫ్టీ టీమ్‌కి వెళ్తుంది, అక్కడ నిబంధనలు వేరు.

నాణ్యత ఫిర్యాదుకి ప్రాణం బ్యాచ్ కోడ్. చాలామంది కొన్న తేదీ, కొన్న చోటు రాసి దీన్ని వదిలేస్తారు. ట్యూబ్‌కైతే కింద నొక్కి అతికించిన అంచు మీద అచ్చు గుద్దినట్టు ఉంటుంది. డబ్బాకి అడుగున ఉంటుంది. ప్యాకెట్‌కి అతుకు పక్కన, బాటిల్‌కి మెడ మీదో అడుగునో ఇంక్‌తో చుక్కల అక్షరాల్లా పడి ఉంటుంది. తడి చేతులతో పట్టుకుంటే ఆ ఇంక్ చెరిగిపోతుంది కాబట్టి ముందు ఫోటో తీసి పెట్టుకోండి. కొన్నింటి మీద తేదీ పక్కనే 14:32 లాంటి టైము, L2 లాంటి గుర్తు కూడా ఉంటాయి. అది తప్పు ముద్ర అనుకుని వదిలేయకండి. ఏ లైన్ మీద, ఏ షిఫ్టులో తయారైందో ఫ్యాక్టరీకి చెప్పేది అదే.

ఒకే బ్యాచ్ మీద నాలుగు ఫిర్యాదులు వస్తే ఆ బ్యాచ్ నుంచి దాచి ఉంచిన నమూనా బయటికి తీస్తారు, మెషిన్ రికార్డులు తిరగేస్తారు. ఒక్కోసారి సరుకునే వెనక్కి పిలిపిస్తారు. మీకు వచ్చే కూపన్ ఆ సమాచారానికి కృతజ్ఞత. అందుకే నిజమైన ఫిర్యాదు రాసి ప్రతిఫలం తీసుకోవడానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు.

అబద్ధపు ఫిర్యాదు చెడగొట్టేది కూడా సరిగ్గా ఈ సమాచారాన్నే. లేని లోపం కోసం మనుషులు రోజంతా వెతుకుతారు, ఉన్న లోపం వరుసలో వెనక్కి పోతుంది.

నిక్కచ్చి

దీనికి అందరికీ తెలియాల్సిన ఉదాహరణ ఒకటి ఉంది. అమెరికాలో ఎల్.ఎల్.బీన్ అనే బట్టలు, బూట్ల కంపెనీ 1912లో మొదలైంది. మొదట అమ్మిన 100 జతల బూట్లలో 90 వెనక్కి వచ్చాయి. తోలు, రబ్బరు కలిసే చోట కుట్టు ఊడిపోయింది. యజమాని డబ్బంతా తిరిగిచ్చి, బూటు తీరు మార్చి మళ్లీ అమ్మాడు. ఫిర్యాదు అంటే అదీ. ఎప్పుడైనా వాపసు తీసుకుంటామన్న వాళ్ల హామీ దశాబ్దాల పాటు నిలిచింది. తర్వాత ఏళ్ల తరబడి వాడి అరగదీసినవీ, పాత సామాన్ల అమ్మకాల్లో కొన్నవీ తెచ్చి డబ్బు అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. 2018 ఫిబ్రవరిలో ఆ హామీని ఏడాదికి కుదించేశారు. నిజాయితీగా వాడుకున్నవాళ్లు కూడా దాన్ని పోగొట్టుకున్నారు.

ఇప్పుడు మెచ్చుకోలు సంగతి. ఒకే ఉత్తరంలో పేరు మార్చి ఇరవై కంపెనీలకు పంపేవాళ్లు వాడని వస్తువుల్ని కూడా పొగుడుతారు. అది అబద్ధం కాదా? ఫిర్యాదులో అబద్ధం తప్పయినప్పుడు పొగడ్తలో మాత్రం ఎలా చెల్లుతుంది? పోనీ, వాడిన వస్తువే అనుకుందాం. కూపన్ మీద కన్నేసి రాసిన మెచ్చుకోలు మెచ్చుకోలే కాదంటాను.

గీటురాయి

వాడని వస్తువు మాటలో నిక్కచ్చి గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ చివరి మాట ఒప్పుకోను. వస్తువు నిజంగా నచ్చింది, రాశాను, ఏదైనా పంపితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆ కోరిక వల్ల నచ్చడం అబద్ధమైపోతుందా? మనిషి మనసులో రెండూ ఉండొచ్చు. అయినా పేరు మార్చి పంపే ఉత్తరం ఎవరి కంటా పడకుండా పోదు. "మీ ఉత్పత్తులు మా ఇంటిల్లిపాదికీ ఎంతో ఇష్టం" అనే వాక్యాన్ని చదివేవాళ్లు రోజూ చూస్తుంటారు. "మూత ఒంటి చేత్తో తెరుచుకుంటుంది, కీళ్ల నొప్పులున్నవాళ్లకు అది పెద్ద సాయం" అని రాస్తే దాన్ని ప్యాకేజింగ్ విభాగానికి చూపిస్తారు. నిజంగా వాడితేనే అలాంటి వాక్యం వస్తుంది.

పెన్నూపేపరూ

ఫిర్యాదు ఎలా ఉండాలో ఎవరూ రాయలేదు కాబట్టి ఒక నమూనా:

*విషయం: హ్యాండ్ వాష్ 250 మి.లీ. పంపు పనిచేయడం లేదు, బ్యాచ్ కోడ్ (బాటిల్ మీద ఉన్నది ఉన్నట్టు)*

*ఈ బాటిల్ 12వ తేదీన కొన్నాను. మూడో రోజున పంపు కిందికి దిగి, మళ్లీ పైకి రాలేదు. పంపు విప్పి చూస్తే లోపలి గొట్టం బాటిల్ అడుగు వరకు చేరడం లేదు, సుమారు 2 సెం.మీ. తక్కువగా ఉంది. మూడు ఫోటోలు జతచేశాను: ముందు లేబుల్, బ్యాచ్ కోడ్, విప్పిన పంపు. రసీదు ఉంది. కొత్త పంపు ఒక్కటి పంపినా చాలు. బాటిల్, పంపు పరీక్షకు కావాలంటే పంపగలను.*

ఇందులో ఏం లేదో చూడండి. తిట్లు లేవు. "ఎన్నేళ్లుగానో మీ కస్టమర్‌ని" లేదు. "కోర్టుకెళ్తా" లేదు. ఆ మాట రాస్తే కేసు లీగల్ విభాగానికి మారిపోవచ్చు. అప్పుడు ఇవ్వగలిగిన కూపన్ కూడా ఇవ్వడానికి కస్టమర్ కేర్ మనిషికి అధికారం ఉండదు. ఇక ఏం కావాలో ఒకే వాక్యంలో, జరిగిన నష్టానికి తగ్గట్టు అడగాలి. పంపు చెడితే పంపు, బాటిల్ కారిపోతే బాటిల్. ఆ వాక్యం లేకపోతే "చింతిస్తున్నాం" అనే జవాబుతో సరిపెట్టేస్తారు.

ఫోటోలు ఒక్కోటి 2 ఎంబీ లోపు ఉండేలా తగ్గించండి, పెద్ద అటాచ్‌మెంట్లను కొన్ని వెబ్ ఫారాలు తీసుకోవు. జవాబు వచ్చేవరకు వస్తువును పారేయకండి. ఎక్కువ ఫిర్యాదులు అక్కడే దెబ్బతింటాయి. పరీక్షకు పంపమని కంపెనీ అడిగేసరికి అది చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది.

బ్యాచ్‌కోడ్

దానికి ఒకటి చేరుస్తాను. లోపల గాజుముక్కో, పురుగో కనిపిస్తే కడగకండి, విడిగా తీయకండి. అది ఉన్న పదార్థంతో సహా జిప్ కవర్‌లో పెట్టి, పాడయ్యే సరుకైతే ఫ్రీజర్‌లో ఉంచండి. ల్యాబ్‌లో పురుగుకి ఎంజైమ్ పరీక్ష చేస్తారు. ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ వేడికి దెబ్బతింటుంది. ఫ్యాక్టరీలో ఉడికించే దశ దాటి వచ్చిన పురుగులో అది పనిచేయదు, ప్యాకెట్ తెరిచాక దూరిన పురుగులో ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు. మీ ఫిర్యాదు నిజమైతే అదే మీకు సాక్ష్యం.

కావాలని వేసినవాళ్లకు వ్యతిరేకంగా కూడా అదే సాక్ష్యం. 2005లో అమెరికాలోని శాన్ హోసేలో ఒకామె వెండీస్ రెస్టారెంట్‌లో తన గిన్నెలో మనిషి వేలు వచ్చిందని ఆరోపించింది. అది ఆమె భర్త తోటి ఉద్యోగి ప్రమాదంలో పోగొట్టుకున్న వేలని దర్యాప్తులో బయటపడింది. మరుసటి ఏడాది ఆమెకు 9 ఏళ్ల జైలు శిక్ష వేశారు.

క్రీములు, మందుల విషయంలో మరింత జాగ్రత్త. "దద్దుర్లు వచ్చాయి" అని రాస్తే అది కూపన్ కేసు కాదు. మందుల కంపెనీల్లో అలాంటి మాట విన్న ఉద్యోగి సాధారణంగా ఒక్కరోజులోపు సేఫ్టీ విభాగానికి తెలపాలి. వాళ్లు మీ వయసు, వాడుతున్న ఇతర మందులు, డాక్టర్ వివరాలు అడుగుతారు. నిజమైతే తప్పకుండా రాయండి, ఆ ఫైలు ఇంకొకరిని కాపాడొచ్చు. శాంపిల్ కోసం మాత్రం ఆ మాట వాడకండి.

స్పేర్‌పార్ట్

మూడో దారిని అందరూ మర్చిపోయారు. నన్నడిగితే అన్నింటికన్నా శుభ్రమైన దారి అదే. పొగడక్కర్లేదు, నిందించక్కర్లేదు, కావాల్సింది అడగడమే.

విడిభాగాలకి నంబరు ముఖ్యం. ఫర్నిచర్ కంపెనీ ఐకియా ఇచ్చే అసెంబ్లీ పుస్తకంలో స్క్రూ బొమ్మ దగ్గర 6 అంకెల నంబరు ఉంటుంది, అది చెబితే చిన్న చిన్న బిగింపులు చాలావరకు ఉచితమే. బొమ్మల కంపెనీ లెగో కొత్త సెట్‌లో ముక్క తగ్గితే పెట్టె మీది సెట్ నంబరు, పుస్తకం చివర ఉన్న ముక్క నంబరు ఇస్తే పంపిస్తుంది. "చిన్న నల్ల స్క్రూ" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

లామినేట్, కర్టెన్ గుడ్డ, టైల్, రంగుల కార్డులు, వీటి శాంపిళ్లు కొనబోయేవాళ్ల కోసమే ఉంచుతారు. ఏ పనికి, ఎన్ని చదరపు మీటర్లకు అని ఒక్క మాట రాస్తే త్వరగా వస్తాయి. చిప్‌లు తయారుచేసే కంపెనీలు ఇంజినీర్లకు ఒకటి రెండు శాంపిళ్లు ఇస్తాయి. అవి చాలావరకు యూనివర్సిటీ, కంపెనీ ఈమెయిల్‌కే, మామూలు ఉచిత ఈమెయిల్‌తో అడిగితే తిరస్కరిస్తాయి. స్టిక్కర్లకి మీ అడ్రసు రాసి, స్టాంపు అంటించిన కవరు లోపల పెట్టి పంపండి. స్ప్రే డబ్బాలు మాత్రం అడగకండి, మండే గ్యాసు నింపిన వాటిని చాలా తపాలా వ్యవస్థలు మామూలు ప్యాకెట్‌లా తీసుకోవు.

తెల్లకాగితం

మరి "ఇవ్వకపోతే ఒక్క స్టార్ రివ్యూ పెడతా" అని రాసేవాళ్ల సంగతి?

నిక్కచ్చి

అది బెదిరించి వసూలు చేయడం. దాని మీద రెండో అభిప్రాయం ఉండకూడదు.

తలకిందులుగా జరిగేది కూడా తప్పే. అయిదు స్టార్లు ఇస్తేనే వస్తువు పంపుతామని కంపెనీ అంటే ఒప్పుకోకండి. ఉచితంగా ఇచ్చి రివ్యూ రాయించుకోవడాన్ని అమెజాన్ 2016 అక్టోబరులో 'వైన్' (Vine) అనే తన సొంత రివ్యూ పథకానికి బయట నిషేధించింది. అమెరికాలో పొగడ్త షరతుతో రివ్యూ కొనడాన్ని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం 2024 అక్టోబరు నుంచి నేరుగా నిషేధిస్తోంది. ఉత్తరం రాస్తే వచ్చిన వస్తువు మీద తర్వాత ఎక్కడైనా రివ్యూ రాస్తే, అది ఉచితంగా వచ్చిందని మొదటి వాక్యంలోనే చెప్పండి.

బ్యాచ్‌కోడ్

మెచ్చుకోలు రాసేవాళ్లకి ఇంకొకటి. "ఈ వాసనలో కూడా చేస్తే బాగుంటుంది", "మూత ఇలా మార్చండి" లాంటి ఐడియాలు అందులో కలపకండి. బయటివాళ్ల ఐడియాలు తీసుకోకూడదని చాలా కంపెనీల్లో నియమం ఉంటుంది. రేపు అలాంటి వస్తువే వస్తే "ఇది నా ఐడియా" అని దావా వేస్తారని భయం. అలాంటి ఉత్తరం లీగల్ విభాగానికి పోయి, "మేము ఐడియాలు స్వీకరించం" అనే జవాబుతో తిరిగొస్తుంది. మీ మెచ్చుకోలు ఎవరికీ చేరదు. ఉద్యోగిని మెచ్చుకుంటే పేరు, తేదీ, సమయం రాయండి. అప్పుడే అది ఆ మనిషి మేనేజర్ దాకా వెళ్తుంది.

గీటురాయి

అయితే కూపన్ కావాలని మెచ్చుకోలు ఉత్తరంలోనే దాచకుండా అడిగేస్తే? "శాంపిళ్లు, కూపన్లు ఏమైనా ఉంటే పంపగలరా" అని చివర ఒక్క లైను. మనసులో పెట్టుకుని రాయడం కన్నా అది నిజాయితీ కదా, నిక్కచ్చి గారూ?

నిక్కచ్చి

దాచడం కన్నా మేలే, ఒప్పుకుంటాను. కానీ నేనైతే రెండు ఉత్తరాలు రాయమంటాను. మెచ్చుకోలు ఒకటి, అభ్యర్థన ఒకటి. రెండోదానికి జవాబు రాకపోయినా మొదటిది అలాగే నిలబడాలి.

బ్యాచ్‌కోడ్

రెండు రాస్తే రెండు కేసులు తెరుస్తారు, అడ్రసు ఒకటే కాబట్టి సిస్టమ్ రెండింటినీ కలిపేస్తుంది. ఒకే ఉత్తరంలో రెండు పేరాలు రాసి, మధ్యలో ఒక ఖాళీ లైను వదలండి.