సన్నాయి నొక్కులు అంటే దెప్పడమా, నసగడమా?

"సన్నాయి నొక్కులు ఆపి సూటిగా చెప్పు" అంటుంటారు కదా, ఇక్కడ అర్థం దెప్పిపొడవడమా, గొణగడమా, లేక తేల్చకుండా నసగడమా? పత్రికల్లో ఈ మూడింటికీ వాడేస్తున్నారు. సన్నాయి వాయించేవాళ్లు రంధ్రాల మీద వేళ్లు అదిమి వదులుతూ స్వరాన్ని వంపులు తిప్పుతారు. కర్ణాటక సంగీతంలో 'నొక్కు' అనే గమకం (స్వరాన్ని కదిలించి పలికించే తీరు) కూడా ఉంది. మరి జాతీయం అక్కణ్నుంచే వచ్చిందా? బాకా ఊదడంతో ఏ గొడవా లేదు, అది పచ్చి పొగడ్తే!

ఇంకోటి, భజంత్రీలు అంటే వాయిద్యాలా, మనుషులా? "భజంత్రీలకు కబురు పెట్టండి" అంటే మనుషులే. "బాజా భజంత్రీలు మోగాయి" అంటే వాయిద్యాలు. ఏది ముందు అర్థం? మీ ఇళ్లలో వినే వాక్యాలతో చెప్పండి ప్లీజ్. ఒట్టి నిఘంటువు అర్థం అయితే చాలదు.