టీబీ మందు ఎప్పుడూ మింగని మనిషికి మొండి టీబీ ఎలా వచ్చింది?

సోంపేట అక్క:
మా తమ్ముడికి 24 ఏళ్లు. ఆగస్టులో గుజరాత్‌లోని వేరావల్‌కి, చేపల బోట్ల మీదకి వెళ్లి మేలో తిరిగొచ్చాడు. వచ్చినప్పటి నుంచి దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం, మనిషి సగమైపోయాడు. ఊళ్లో ఒకాయన ఇచ్చిన యాంటీబయాటిక్ వాడితే నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. గవర్నమెంట్ ఆసుపత్రిలో తెమడ పరీక్ష చేసి, టీబీ ఉంది, పైగా రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు దానికి పనిచేయదు అన్నారు. వాడు పుట్టి బుద్ధెరిగాక టీబీ మాత్ర ఒక్కటీ మింగలేదండి. అయినా మావాళ్లే "మధ్యలో మందు మానేసుంటాడు, మన దగ్గర దాస్తున్నాడు" అంటుంటే వాడు అన్నం మానేసి కూర్చున్నాడు. రిపోర్టు తప్పా? ఇంట్లో నా పిల్లలిద్దరూ ఉన్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.

విజయనగరం ల్యాబ్:
అక్కా, నేను టీబీ ల్యాబ్‌లోనే పనిచేస్తాను. ముందు మీ తమ్ముడిని ఏమీ అనొద్దని అందరికీ చెప్పండి. కొత్త కేసు అంటే ఆ మనిషి మందుకి కొత్త, అంతేగానీ లోపలున్న క్రిమి కొత్తదని కాదు. ఇంకెవరో మందు మధ్యలో ఆపేస్తేనో, సరైన డోసు అందకపోతేనో వాళ్ల ఒంట్లో క్రిమి ముదిరిపోతుంది, వాళ్లు దగ్గినప్పుడు పక్కవాడికి చేరేది ఆ ముదిరిన క్రిమే. 2014-16లో దేశమంతా చేసిన సర్వేలో, అంతకుముందు మందు వాడని వాళ్లలోనే 2.84 శాతం మందికి టీబీకి ముఖ్యమైన మందులు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ పనిచేయలేదు, ఏదో ఒక మందుకి లొంగనిది చూస్తే 22 శాతం దాటింది. అందుకే ఇప్పుడు మొదటిరోజే తెమడని సీబీనాట్‌లోనో ట్రూనాట్‌లోనో పెడతాం, టీబీ ఉందా, రిఫాంపిసిన్‌కి లొంగుతుందా అని చూసే మిషన్లు అవి.

తెమడలో క్రిములు మరీ తక్కువగా ఉంటే ఒక్కోసారి తప్పు చూపించొచ్చు, కాబట్టి రెండో శాంపిల్ అడిగితే విసుక్కోకుండా ఇవ్వండి. కల్చర్ అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష, ఆ రిపోర్టుకి వారాలు పడుతుంది. ఇంకో మాట, దగ్గుకి వాడే కొన్ని యాంటీబయాటిక్స్ టీబీ క్రిమిని కూడా కాస్త అణిచిపెడతాయి, దాంతో జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. మీవాడికి ఇచ్చింది ఏ మందో చీటీ ఉంటే డాక్టరుకి చూపించండి.

పలాస అన్న:
అమ్మా, నాకూ ఇదే వచ్చింది, నేనూ ముందెప్పుడూ మందు వాడలేదు. మా మామయ్యకి చాన్నాళ్ల కిందట వస్తే ఏడాదిన్నర పైనే మందులు, మధ్యలో నెలల తరబడి ఇంజెక్షన్లు. నాకు మాత్రం ఆరు నెలల మాత్రలతో అయిపోయింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి ఇచ్చే ఈ కోర్సుకి కేంద్రం 2024 సెప్టెంబరులో అనుమతిచ్చింది. మూడో నెలలో నా అరికాళ్లు తిమ్మిరెక్కి మండేవి, చెప్తే మందు ఆపేస్తారేమోనని పది రోజులు దాచాను, అది పెద్ద తప్పు. లినెజోలిడ్ వల్ల నరాలకి దెబ్బ, రక్తం తగ్గడం, చూపు మసకబారడం ఉండొచ్చట, వెంటనే చెప్తే డాక్టర్లే డోసు సర్దుతారు. ఈసీజీకి పిలిచినప్పుడల్లా తీసుకెళ్లండి. విశాఖ పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి పంపితే భయపడకండి. తిండికి నెలకి 1000 రూపాయలు బ్యాంకులో పడతాయి, ఖాతా వివరాలు ఇవ్వడం మర్చిపోవద్దు.

విజయనగరం ల్యాబ్:
పిల్లలకి ఎక్స్‌రే తీయించండి. మందుకి లొంగని టీబీ ఉన్న ఇల్లని తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు అప్పుడు మారుతుంది. తమ్ముడు గాలి బాగా ఆడేచోట పడుకోవాలి, మాస్క్ పెట్టుకోవాలి. కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు, ఇది గాలితో వచ్చేది. బోటులో వాడితోపాటు ఎవరెవరు పడుకున్నారో అడిగారా?

సోంపేట అక్క:
అడిగాను బాబూ. ఎనిమిది మంది ఒకే క్యాబిన్‌లో పడుకునేవాళ్లట. అందులో ఒకతను రెండేళ్ల కిందట టీబీ మందు మొదలెట్టి, రెండు నెలలకి దగ్గు తగ్గగానే బోటెక్కేశాడట. ఈ సీజనంతా దగ్గుతూనే ఉన్నాడని తమ్ముడు ఇప్పుడు చెప్తున్నాడు. అతనిది మా పక్క ఊరే. రేపు పొద్దున్నే ఆశా కార్యకర్తని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్తున్నాం, తమ్ముడు కూడా వస్తానంటున్నాడు. మిగతా ఆరుగురికీ వాడే ఫోన్లు చేస్తున్నాడు. ఇవాళ రాత్రి అన్నం తిన్నాడు.