గోల్డెన్ గేట్ పార్క్‌కి అత్తయ్యగారితో, పాపతో: సలహా కావాలి

ఫ్రీమాంట్ నుంచి: నమస్కారమండీ. వచ్చి రెండు నెలలైంది. శనివారం అత్తయ్యగారు, మామయ్యగారు, నాలుగేళ్ల పాపతో శాన్ ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ పార్క్‌కి వెళ్దామని. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ముందు ఏం చూడాలి?

సన్నీవేల్ నుంచి: అమ్మా, చూసేది తర్వాత. కారులో ఏమీ వదలొద్దు! మూడేళ్ల కిందట గులాబీ తోట దగ్గర ఆపి, అరగంటే కదా అని వెనక సీట్లో బ్యాగు పెట్టి వెళ్లాం. వచ్చేసరికి అద్దం పటికబెల్లం ముక్కల్లా రోడ్డంతా. పులిహోర డబ్బా మూత తీసి చూసి, పొద కింద పడేసి పోయాడు దొంగ. ఇమ్మిగ్రేషన్ వాళ్లిచ్చిన నా 797 కాగితం మాత్రం పోయింది. ఇన్సూరెన్స్ వాళ్లు మొదటి 500 డాలర్లు నీవేనన్నారు. స్వెటర్లు కూడా తీసుకెళ్లండి, జూలైలోనూ పొగమంచే.

మిల్పీటస్ నుంచి: పార్కుకి 797 ఎందుకు అన్నయ్యా?

సన్నీవేల్ నుంచి: లైసెన్స్ ఆఫీసు నుంచి అటే వెళ్లాం తమ్ముడూ.

డబ్లిన్ నుంచి: జపనీస్ టీ గార్డెన్‌కి కాలిఫోర్నియా లైసెన్స్ చూపిస్తే ఫ్రీ. నేనే వెళ్లాను.

సన్‌సెట్ (శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పేట) నుంచి: కాదండీ. శాన్ ఫ్రాన్సిస్కో అడ్రస్ ఉన్నవాళ్లకే ఫ్రీ. బయటివాళ్లకైతే సోమ, బుధ, శుక్రవారాల్లో పది లోపు వెళ్తేనే. ఆ తోట 1894 ఎగ్జిబిషన్‌కి వేసింది. గుండ్రటి చెక్క వంతెన నిచ్చెనలా నిటారుగా ఉంటుంది, అత్తయ్యగారిని ఎక్కనివ్వకండి. పాపని పిల్లల ఆటస్థలానికి తీసుకెళ్లండి. 1888 నాటిది. అక్కడి రంగులరాట్నం 1914ది, గుర్రాలే కాదు, వేరే జంతువులూ ఉంటాయి. మా అమ్మాయి కప్ప మీద కూర్చుని దిగనని ఏడ్చింది.

డబ్లిన్ నుంచి: నన్ను లైసెన్స్ అడిగారు, డబ్బు అడగలేదు!

సన్‌సెట్ నుంచి: వారంలో ఏ రోజు వెళ్లారో గుర్తు తెచ్చుకోండి. అమ్మా, మామయ్యగారికి బైసన్లు (అమెరికా అడవి దున్నలు) చూపించండి, 1890ల నుంచీ ఉన్నాయి. మా నాన్నగారు "ఎన్ని లీటర్లు ఇస్తాయి?" అన్నారు. పార్కు 1017 ఎకరాలు, అంతా నడవలేరు. కెనడీ డ్రైవ్ తూర్పు భాగంలో కార్లు వెళ్లనివ్వరు, ఫ్రీ షటిల్ ఎక్కండి. స్టో లేక్‌లో పెడల్ పడవలున్నాయి.

మిల్పీటస్ నుంచి: 2024 నుంచి అది బ్లూ హెరాన్ లేక్!

సన్‌సెట్ నుంచి: ఇరవై ఏళ్లుగా పిలుస్తున్న పేరు నోటికి వస్తుంది, తమ్ముడూ.

సన్నీవేల్ నుంచి: కాల్‌ట్రైన్ రైలు దిగి ఎన్-జూడా ట్రామ్ ఎక్కితే 9వ అవెన్యూ దగ్గర దిగొచ్చు. కారు గొడవే లేదు.

ఫ్రీమాంట్ నుంచి: మాకు కాల్‌ట్రైన్ లేదండీ, బార్ట్ రైలు ఉంది. అయినా మామయ్యగారు కారే అంటున్నారు. పులిహోర లోపలికి తీసుకెళ్లొచ్చా?